నాలుగు మెత్తటి టైర్లు

మా ఆయనకు మంచం మీద నిద్ర పట్టదు. ఈ మాట ఎవరితో చెప్పినా నవ్వుతారు. అట్లా నవ్వేవాళ్ళను ఒక వారం మా ఇంట్లో ఉంచితే అప్పుడు తెలుస్తుంది.

సురేంద్ర ఇరవై ఎనిమిదేళ్ళు లారీ తోలాడు. రాసేటప్పుడు కాబట్టి పేరు పెట్టి రాస్తున్నాను గానీ, ఇంట్లో ఆయన నన్ను ఏమ్మే అంటాడు, నేను ఏమప్పా అంటాను, మా సంసారం అంతే. హిందూపురం నుంచి కలకత్తా దాకా, గుజరాత్ దాకా, చింతపండు కానీ వేరుశనగ కానీ గ్రానైట్ రాళ్ళు కానీ, ఏది ఎక్కిస్తే అది తీసుకుపోయేవాడు. పెళ్ళయిన కొత్తలో నెలకు ఆరు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఆ ఆరు రోజులూ పక్క మీద అటూ ఇటూ దొర్లి, పొద్దున లేచి, "ఈ మంచం కదలదు కదమ్మే" అనేవాడు. నేను కొత్త పెళ్ళికూతుర్ని, సిగ్గుపడి నవ్వేదాన్ని. అది సరసం కాదు, నిజంగానే ఫిర్యాదు అని తెలియడానికి నాకు ఐదేళ్ళు పట్టింది.

మూడేళ్ళ కిందట సుగరు కళ్ళ మీద పడింది. కుడి కన్ను మసక. ఎడమ కంట్లో సరిగ్గా నడిమధ్య ఒక నల్ల మచ్చ. మనిషిని చూడాలంటే తల పక్కకు తిప్పి ఓరగా చూడాలి. పుట్టపర్తిలో డాక్టరు ఇక స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. ఆ వారమే ఆయన తాళాలు యజమాని చేతిలో పెట్టి, దుప్పటీ చెంబూ సంచిలో వేసుకొని ఇంటికి వచ్చేశాడు. అప్పటి నుంచి మంచం మీద పడుకుంటాడు, లేస్తాడు, కూర్చుంటాడు, మళ్ళీ పడుకుంటాడు. మాత్రలు వేస్తే పగలంతా తూగుతాడు తప్ప అది నిద్ర కాదు. మనిషి సగమైపోయాడు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "నిద్ర లేకపోతే సుగరు దారికి రాదమ్మా, ఉన్న చూపు కూడా నిలవదు" అన్నాడు. ఆ మాట నా గుండెలో నాటుకుపోయింది.

ఆయన నిద్రపోయే చోటు ఒక్కటే ఉండేది, ఆర్టీసీ బస్సు. పుట్టపర్తి నుంచి వచ్చేటప్పుడు బస్సు కొత్తచెరువు దాటకముందే తల వాల్చేవాడు. నోరు తెరుచుకొని, పక్కవాళ్ళ భుజం మీద చొంగ కారుస్తూ, పెనుకొండ స్టాండులో బస్సు మారడానికి నేను కుదిపి లేపేదాకా ఒళ్ళెరగని నిద్ర. పక్కవాళ్ళు విసుక్కునేవాళ్ళు. నాకు మాత్రం ఆ నిద్ర చూస్తే కడుపు నిండేది. అప్పుడే ఒక నిర్ణయానికి వచ్చాను. ఈయనకు నిద్ర పట్టాలంటే కింద చక్రాలు తిరగాలి. సరే, తిప్పుదాం అనుకున్నాను. అప్పటికి నా వయసు నలభై తొమ్మిది. అంతవరకూ స్కూటీ కూడా ముట్టుకున్నదాన్ని కాదు.

మా అబ్బాయి శివకృష్ణ ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. రోజంతా కొత్త కార్లకు తలుపులు బిగించే పిల్లోడు, తనకంటూ కొనుక్కునేటప్పుడు బెంగళూరు పోయి ఎవరో వాడి వదిలేసిన పాత విదేశీ కారు తెచ్చుకున్నాడు. "నువ్వు చేసే కార్లు నీకే నచ్చలేదా నాయనా" అంటే, "ఇది వేరే మా" అన్నాడు. వేరే అంటే ఏమిటో నాకు తెలియలేదు. నల్లగా, పొట్టిగా, నేలను కరుచుకొని ఉండేది. వాడు షిఫ్టుకు కంపెనీ బస్సులో పోతాడు కనుక కారు వారమంతా ఇంటి ముందు దుమ్ము తింటూ ఉండేది. ఆదివారాలు వాడే నాకు తోలడం నేర్పాడు. మొదటి నెలలో రెండు గోడలూ ఒక పాలవాడి సైకిలూ దెబ్బతిన్నాయి. మూడో నెలలో లైసెన్సు చేతికొచ్చింది.

నాది పట్టుచీరలకు కుచ్చులు కట్టే పని. ధర్మవరంలో తిప్పమ్మక్క చీరల షాపు నుంచి చీరలు తెచ్చి, కొంగులకు కుచ్చులు కట్టి, వారానికి రెండుసార్లు తిరిగి ఇచ్చి వస్తాను. ఇదివరకు ఆ మూటలు బస్సులో మోసేదాన్ని. ఇప్పుడు వెనక సీట్లో చీరల మూటలు, ముందు సీట్లో మా ఆయన, స్టీరింగు ముందర నేను.

ఒక నిజం చెప్పాలి. ఆయన నిద్ర కోసమని మొదలుపెట్టానే గానీ, ఆ దారి నాకే పట్టుకుంది. సోమందేపల్లి దాటాక రోడ్డు మీద ఎండకు నీళ్ళు నిలిచినట్టు మెరుస్తుంది. మనం పోయేకొద్దీ ఆ నీళ్ళు వెనక్కు జరుగుతుంటాయి, ఎప్పటికీ అందవు. పెనుకొండ కొండ ఎంతసేపటికీ ఒకే కిటికీలో ఉంటుంది. ఉన్నట్టుండి ఒక మలుపులో ఈ కిటికీ వదిలి ఆ కిటికీలోకి వెళ్తుంది. గుట్టల మీద గుండ్లు ఒకదాని మీద ఒకటి ఎవరో ఆడుకొని మరిచిపోయినట్టు ఉంటాయి. కాసేపటికి నేను తోలుతున్నానో, రోడ్డే తనంతట తాను నా కింద నుంచి జారిపోతున్నదో తెలియదు. ఇంట్లో గిన్నెలూ సూదులూ దారాలూ అన్నీ ఎవరో వేరే ఆడమనిషివి అనిపిస్తాయి.

ఆయన మాత్రం నిద్రపోలేదు. సీటు వెనక్కి వాల్చుకొని, పొట్ట మీద చేతులు పెట్టుకొని కళ్ళు మూసుకునేవాడు. ఏ వంతెన అతుకో వచ్చి బండి దబ్బుమనగానే కళ్ళు తెరిచేవాడు. "ఇవి రబ్బరు టైర్లు కావమ్మే, కట్టెలు. కట్టెల మీద పోతాంటే నిద్ర ఎట్ల పడుతుంది?" అనేవాడు. పోయిన ప్రతిసారీ అదే మాట. నా నడుము కూడా ఆ మాటకు సాక్ష్యం చెప్పేది.

ఆ టైర్ల సంగతి నాకు పెనుకొండలో హజరత్‌వలి చెప్పాడు. వలన్న మా ఆయనతో ఇరవై రెండేళ్ళు ఒకే లారీ మీద రెండో డ్రైవరుగా పనిచేసిన మనిషి. మోకాళ్ళు పోయాక లారీ వదిలేసి పెనుకొండలో టైర్ల షాపు పెట్టుకున్నాడు. ఏప్రిల్‌లో ఒకరోజు తోలుతుంటే స్టీరింగు అవతల పసుపు పచ్చ లైటు వెలిగింది. గుర్రపు నాడాలాంటి బొమ్మ, దాని మధ్య ఒక ఆశ్చర్యార్థకం. శివకృష్ణకు ఫోను చేస్తే, "అవి రన్ ఫ్లాట్ టైర్లు మా, గాలి పోయినా పోతాయి, మెల్లగా ఇంటికి రా" అన్నాడు. వచ్చాను. గాలి పోయినా పోతుందన్నాడు కదా అని ఆ లైటుతోనే ఇంకో రెండుసార్లు ధర్మవరం కూడా పోయి వచ్చాను. మూడోసారి వలన్న చూసి తల పట్టుకున్నాడు.

"మామూలు టైరులో బరువంతా గాలి మోస్తాది శైలమ్మా. దీంట్లో గాలి పోయినా పక్క గోడలు మోస్తాయి. అందుకే ఇంత మందం. పంచరైనా నిన్ను ఇంటికి చేరుస్తాది, నిజమే. అయితే దావలో రాయి వస్తే మామూలు టైరు మింగేస్తాది, ఇది మింగదు. తెచ్చి నీ నడుముకిస్తాది."

"అతుకేస్తావా?"

"వేయను. గాలి లేకుండా ఇంత దూరం తోలినావు. లోపల గోడ నలిగుంటాది, అది బయటికి కనపడదు. దాన్ని నమ్మి నిన్ను పంపలేను."

"మరి నాలుగూ తీసేసి మామూలువి వేస్తే మెత్తగా ఉంటుందా?"

వలన్న నవ్వాడు. "పరుపే."

ఆ ఒక్క మాట నాకు చాలు. శివకృష్ణ ఒప్పుకోలేదు. ఆ కారుకు ఆ టైర్లే అందమన్నాడు, కంపెనీవాళ్ళు ఊరికే పెడతారా అన్నాడు. "కంపెనీవాళ్ళు మీ నాయన నిద్ర చూసి పెట్టలేదు కదా" అన్నాను. వాడు తాళం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

సోమవారం పొద్దున కారు వలన్న షాపుకు తీసుకుపోయాం. మిషను మీద పెట్టి పాత టైరును రిమ్ము నుంచి ఊడదీసేసరికి వలన్న చొక్కా చెమటతో తడిసిపోయింది. మొండిది, వదిలి రానంటుంది. చివరికి ఊడింది. దాన్ని నేల మీద నిలబెట్టి మీద చేతులాన్చి మొత్తం బరువు వేశాడు వలన్న. ఒక్క వేలెడు కూడా అణగలేదు. లోపల గాలి లేదు, రిమ్ము లేదు, అయినా అట్లాగే నిలబడి ఉంది. కొత్త టైరు పక్క మాత్రం నేను అరచేత్తో నొక్కినా లోపలికి పోయింది. నాకు దాన్ని నిమరాలనిపించింది, నిమిరాను కూడా. మా ఆయన బల్ల మీద కూర్చొని టీ తాగుతూ ఇదంతా శబ్దాలతోనే చూశాడు.

నాలుగూ బిగించాక వలన్న నన్ను డిక్కీ దగ్గరకు పిలిచాడు. "ఈ కారు పుట్టిందే స్టెప్నీ లేకుండా. ఇంకో టైరు పెట్టుకుందామన్నా జాగా లేదు. ఆ టైర్లున్నప్పుడు సరిపాయ. ఇప్పుడు పంచరైతే ఉన్నచోటనే నిలబడిపోతావు. అతుకు సామానూ, గాలి కొట్టే చిన్న మిషనూ ఒకటి తెప్పిస్తా, వచ్చే వారం తీసుకుపో. లోపల గాలి చెప్పే సామాను పాతదే, లైటు వస్తాది. ఒకటి గుర్తుపెట్టుకో, ఇంతకుముందు మాదిరి లైటు వచ్చినాక పోవద్దు. ఆపెయ్యి."

సరేనన్నాను. ఇంటికి పోతూ ఉంటే మా ఆయన అడిగాడు. "స్టెప్నీ యాడ పెట్టినారు?"

"డిక్కీలో."

"గాలి చూసినావా?"

"చూసినా."

అబద్ధమే. స్టెప్నీ లేని బండిలో ఇరవై ఎనిమిదేళ్ళ లారీ డ్రైవరు కళ్ళు మూస్తాడా? నిద్రలోకి పోతూ పోతూ కూడా స్టెప్నీ గురించే ఆలోచిస్తాడు. ఆయనకు నిద్ర పట్టడం కోసం అంతకంటే పెద్ద అబద్ధమైనా ఆడగలను.

గురువారం పొద్దున ఎనిమిదింటికి బయలుదేరాం. వెనక సీట్లో ఆరు పెళ్ళి చీరలు. మధ్యాహ్నంలోగా అందాలని తిప్పమ్మక్క ముందే చెప్పింది. సోమందేపల్లి దగ్గర మొదటి వంతెన వచ్చింది. అతుకు దగ్గర నా నడుము అలవాటుగా బిగుసుకుంది. దబ్బు రాలేదు. బండి చిన్నగా ఊగి ఊరుకుంది. ఊయల తొట్టిని ఎవరో వేలితో తోసినట్టు, అంతే.

పక్కకు చూశాను. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు.

ఆ తర్వాత దారంతా నేను ఊపిరి కూడా మెల్లగా తీశాను. వేగం తగ్గించాను. వెనక నుంచి లారీలు హారన్లు కొడుతూ దాటిపోతుంటే లోపల్లోపలే వాళ్ళను తిట్టుకున్నాను. పెనుకొండ కొండ ఎడమ కిటికీలోకి వచ్చింది. ఆయన చేతులు పొట్ట మీద లేస్తూ దిగుతూ ఉన్నాయి. ఊపిరి పొడుగ్గా, నిదానంగా, ఒక పద్ధతిలో ఉంది. రోడ్డు పక్క ఎర్ర నేలలూ, కరెంటు తీగల మీద పిట్టలూ, ఎండలో మెరిసే ఆ లేని నీళ్ళూ అన్నీ ఈయన నిద్ర లోపలి నుంచి వస్తున్నట్టు ఉన్నాయి. నాకు నవ్వొచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. మూడేళ్ళలో నేను అంత సంతోషంగా ఎప్పుడూ లేను.

చెన్నేకొత్తపల్లి దాటి ధర్మవరం రోడ్డు పట్టాక లైటు వెలిగింది. అదే గుర్రపు నాడా, అదే ఆశ్చర్యార్థకం.

ఆపెయ్యమన్నాడు వలన్న. ఆపితే ఈయన లేస్తాడు. లేస్తే మళ్ళీ ఎప్పుడు పడుతుందో, అసలు పడుతుందో లేదో. నేను లైటును చూడనట్టు తల పైకెత్తుకొని తోలాను. ఆ మలుపు దాకా అనుకున్నాను. మలుపు దాటాక ఆ తుమ్మచెట్ల దాకా అనుకున్నాను. స్టీరింగు ఎడమకు లాగుతుంటే రెండు చేతులతో పట్టుకొని కుడికి గుంజాను. కింద నుంచి టపటపమని చప్పుడు మొదలైంది. టైరు పోతే పోనీ, నిద్ర ముఖ్యం అనుకున్నాను. ఇంకొక్క ఐదు నిమిషాలు పడుకోనీ దేవుడా అని మొక్కుకున్నాను.

"ఎడమ ముందుది," అన్నాడు ఆయన కళ్ళు తెరవకుండానే. "ఇంక ఆపమ్మే. రిమ్ము పోతాది."

ఆపాను. ఇంజిన్ ఆగిపోయాక చుట్టూ ఏ చప్పుడూ లేదు. దూరంగా ఎక్కడో గొర్రెల మెడలో గంటలు మోగుతున్నాయి.

"ఎప్పుడు లేస్తివి?" అన్నాను.

"నిద్రపోతే కదా లేచేది."

"లైటు వచ్చిందని తెలుసా నీకు?"

"లైటు నాకు యాడ కనపడుతుంది. చెన్నేకొత్తపల్లి కాడ్నుంచే బండి ఎడమకు లాగబట్టింది, ఒంటికి తెలుస్తాండాది."

"మరి చెప్పలేదే?"

"నువ్వు సంతోషంగా తోలుతాండావు. నేను కండ్లు తెరిస్తే అది పోతాదని గమ్మునున్నా."

ఆయన నిద్రపోతున్నాడని నేను ఆపలేదు. నేను సంతోషంగా ఉన్నానని ఆయన చెప్పలేదు. మధ్యలో కొత్త టైరు చచ్చింది. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మొగుడూ పెళ్ళాలు తప్ప ఇట్లాంటి పని ఇంకెవరూ చేయరు.

"సరే, స్టెప్నీ తియ్యి," అన్నాడు. "నేను చెప్తా, నువ్వు బిగించు."

"స్టెప్నీ లేదు."

ఆయన తల పక్కకు తిప్పి నన్ను ఓరగా చూశాడు. "గాలి చూసినా అంటివే."

"అంటి."

తిట్టలేదు. ఫోను తీసుకొని వలన్నకు చేసి, ఎక్కడున్నామో చెప్పాడు. వలన్న ఏదో ట్రాక్టరు టైరు పని మీద ఉన్నాడట, అది ముగించుకొని బండి మీద వస్తానన్నాడు. ఆయన ఫోను జేబులో పెట్టుకొని మళ్ళీ సీట్లో వెనక్కి వాలాడు. ఆ నిమ్మళం చూసి నాకు ఒళ్ళు మండింది.

"టైర్లు కట్టెలంటివి. నాలుగూ మార్పించినా. కొడుకుతో మాటలు పడినా. ఇప్పుడు పరుపు మాదిరి ఉన్నాయి కదా, ఇంకేం చేయాల? రోడ్డు మీద దూది పరచాల్నా?"

"టైర్లు కావమ్మే."

"మరి?"

"ఏదో ఒకటి చెప్పాల కదా నీకు. టైర్ల పేరు చెప్పినా."

"బస్సులో ఎవడో తోలితే చొంగ కార్చుకుంటా పండుకుంటావు. నేను తోలితే పండుకోవు. నా మీద నమ్మకం లేదని ఒక్క మాట చెప్పుంటే అయిపోయేది కదా." అదే నా భయం, మొదటి రోజు నుంచీ అదే. ఎన్ని నేర్చుకున్నా నా చేతిలో ఆయన ప్రాణం పెట్టడేమో అని.

"నువ్వు వలీ కంటే బాగా తోలుతాండావు," అన్నాడు ఆయన. "వాడు వస్తే చెప్పొద్దు, ఏడుస్తాడు."

"మరెందుకు?"

"లారీలో ఒక పద్ధతి ఉండాది. ఒకడు తోల్తాంటే ఇంకొకడు వెనక పండుకుంటాడు. లేచినాక వాడు స్టీరింగు పట్టాల, వీడు పండుకోవాల. పాళీ. పాళీ తప్పినోడు డ్రైవరే కాదు. ఇరవై రెండేండ్లలో వలీ నిద్ర ఒక గంట నేను తినలేదు, నా నిద్ర వాడు తినలేదు. బస్సు డ్రైవరుకు డిపోలో ఇంకొకడుంటాడు, వాని పాళీతో నాకు పని లేదు. ఈడ తోలుతాండేది నువ్వు. నేను పండుకోని లేస్తే, నీ పాళీ నీకు ఎవరిస్తారు? నాకు స్టీరింగు లేదాయ."

"నేనేమన్నా నిద్ర అడిగినానా?"

"నువ్వు అడగవు. నేను మేలుకోనుంటా కదా, నాకు తెలీదా? ఈయన మేలుకోనుండాడని నువ్వూ కుచ్చులు ముందరేసుకోని కూర్చుంటావు. కట్టి కట్టి తల గోడకు కొట్టుకుంటాది. సూది గుచ్చుకుంటే లేచి మళ్ళా కడతావు. మూడేండ్ల నుంచి ఇంట్లో నిద్రలేనిది నాకొక్కనికే అనుకుంటాండావు నువ్వు. ఇద్దరికీ లేదు. అందులో నీది కూడా తిని నేను పండుకోవాల్నా?"

నేను నా చేతులు చూసుకున్నాను. వేళ్ళ చివర సూది గుచ్చుకున్న చుక్కలు ఉన్నాయి. ఆ చుక్కలు అక్కడున్నట్టే నాకు తెలుసు గానీ, ఎందుకున్నాయో ఎప్పుడూ ఆలోచించలేదు. నాకు నిద్ర కరువైందని ఒక మనిషి చెప్పాకే నా ఒళ్ళు ఆ మాట విన్నది. ఒక్కసారిగా రెప్పలు బరువెక్కాయి, మెడ బరువెక్కింది, కాళ్ళు నావి కాకుండా పోయాయి.

"దిగు," అన్నాడు ఆయన. "ఈ పక్కకు రా."

"ఎందుకు?"

"బండి నిలబడిపోయింది. నిలబడిన బండిని నేను చూసుకోగలను. దీనికి కండ్లు పనిలేదు. ఇప్పుడు నా పాళీ, నువ్వు పండుకో."

వద్దనే ఓపిక కూడా నాకు లేదు. ఆయన కారు మీద చేయి ఆనించుకుంటూ ముందు వైపు నుంచి చుట్టి వచ్చి స్టీరింగు ముందర కూర్చున్నాడు. నేను ఆయన వాల్చుకున్న సీట్లో పడుకున్నాను. సీటు ఆయన ఒంటి వేడితో ఉంది. ఆయన తడుముకొని నా వైపు ఎండకు అడ్డం పెట్టే అట్టను కిందికి దించాడు. కిటికీ అద్దం కొంచెం దింపమన్నాడు, దింపాను.

గొర్రెల మంద వచ్చింది. కారుకు ఇటొక పాయ, అటొక పాయ, వాన నీళ్ళు రాయిని చుట్టి పోయినట్టు పోయింది. వాటి ఊపిర్లు, బొచ్చు వాసన, గంటలు అద్దం సందులోంచి లోపలికి వచ్చాయి. మంద వెనక వచ్చిన ఆడమనిషి, "ఏమైందప్పా బండికి?" అని అడిగింది. "పంచరు. మెల్లగా తల్లీ, పండుకోనుండాది," అన్నాడు ఆయన. నేను ఇంకా మేలుకునే ఉన్నానని చెబుదామనుకున్నాను. నోరు కదల్లేదు.

తర్వాత బండి పోయింది. నిజంగా కాదు, అది నాకూ తెలుసు, తెలిసే పోయాను. ఆయన తోలుతున్నాడు. ఆయన కళ్ళు పాత కళ్ళు. కింద గొర్రెలే రోడ్డు, వాటి వీపుల మీద నుంచి పోతున్నాం. ఎంత మెత్తగా ఉందంటే చక్రాలు ఉన్నాయో లేవో తెలియడం లేదు. ఎండలో మెరిసే ఆ నీళ్ళు ఈసారి వెనక్కు జరగలేదు. మేం వాటిలోకే పోయాం, చల్లగా ఉన్నాయి. పెనుకొండ కొండ వెనక సీట్లో చీరల మూటల పక్కన కూర్చొని ఉంది. యాడికి పోతాండాము అని అడిగాను. ఆయన చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేదు.

లేచేసరికి ఎండ కారు అవతలి పక్కకు మారింది. రోడ్డు పక్క కానుగచెట్టు నీడలో వలన్న కూర్చొని ఉన్నాడు. పక్కన తన బండి, సామాన్ల సంచి, తెరిచిన నా అన్నం క్యారియరు. నా చిత్రాన్నంలో సగం ఖాళీ.

"నిద్ర పట్టిందా శైలమ్మా?" అన్నాడు వలన్న మూతి తుడుచుకుంటూ.

"ఎప్పుడొస్తివి వలన్నా?"

"గంట పైనాయ. జాకీ పెడితే నువ్వు లేస్తావని మీ ఆయన ముట్టనీలేదు."

మా ఆయన వైపు తిరిగాను. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకొని, వీపు నిటారుగా పెట్టుకొని కూర్చున్నాడు. తల కొంచెం పక్కకు తిప్పి, ఆ మచ్చ పక్క నుంచి ముందున్న రోడ్డును చూస్తున్నాడు. కదలని బండిలో ఆ మనిషి ఒక్క రెప్పపాటు కూడా రోడ్డు మీద నుంచి చూపు తీయలేదని ఆ మెడ చూస్తేనే తెలుస్తుంది. మూడేళ్ళయింది ఆయన్ను ఆ సీట్లో చూసి. అంత అందంగా ఉంటాడని మరిచిపోయాను.

"తిప్పమ్మక్క రెండుసార్లు ఫోను చేసింది," అన్నాడు. "డ్రైవరు పండుకోనుండాది, లేచినాక వస్తామని చెప్పినా."

వలన్న చక్రం ఊడదీసి, మేకు పెరికి, అతుకు వేసి గాలి కొట్టాడు. టైరు పక్కను వేలితో తడిమి చూసి, "ఇంకొక కిలోమీటరు పోయింటే ఈడ్నే పూడ్చాల్సి వచ్చేది. ఇది ఈ పూటకే, మెల్లగా పో, తిరిగి వచ్చేటప్పుడు షాపు కాడ నిలుపు, లోపల గోడ చూస్తా" అని గొణిగాడు. మిగతా చిత్రాన్నం కూడా తిని పెనుకొండ వైపు పోయాడు. మా ఆయన దిగి, కారు మీద చేయి ఆనించుకుంటూ, మళ్ళీ తన పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"నా పాళీ అయిపోయింది," అన్నాడు. "ఇంక తోలు."

తోలాను. రెండు కిలోమీటర్లు పోలేదు, పక్క నుంచి ఒక శబ్దం వచ్చింది. ముందు టైరేమో అనుకొని బ్రేకు మీద కాలు పెట్టాను. టైరు కాదు. ఆయన నోరు తెరుచుకుంది, తల నా వైపు ఒరిగింది, చొంగ గడ్డం దాకా వచ్చింది. ఆ గురక రంపం పెట్టి కోసినట్టు, ఒక వరసా పద్ధతీ లేకుండా ఉంది. పొద్దున విన్న ఆ నిదానమైన ఊపిరికీ దీనికీ పోలికే లేదు. దొంగ నిద్ర ఎంత ముచ్చటగా ఉంటుందో, అసలు నిద్ర ఎంత వికారంగా ఉంటుందో ఆ రోజే తెలిసింది నాకు. ధర్మవరం ఊళ్ళోకి పోయే ముందు ఒక గుంత చూసుకోలేదు. బండి ఎగిరి పడింది. ఆయన గురక ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అక్కడి నుంచే అందుకుంది.

తిప్పమ్మక్క షాపు ముందర నిలిపాను, ఇంజిన్ మాత్రం ఆపలేదు. ఫోను మోగింది. అద్దాల తలుపు వెనక ఆమె ఫోను చెవికి పెట్టుకొని నాకు కనిపిస్తూనే ఉంది.

"యాడుండావే శైలా, మధ్యాహ్నమైపోయ కదా?"

"దావలో ఉండానక్కా," అన్నాను గొంతు తగ్గించి. "ఇంకొక గంట పడుతుంది." ఫోను పెట్టేసి, బండిని మెల్లగా ముందుకు పోనిచ్చాను.